నల్లని తెరయు ఫార్మాటు మాటయు

లినక్సుతో నడచు కంప్యూటరును ఆన్ చేసినప్పుడు ఒక్కొక్కసారి బొమ్మలతోను కిటికీలతోను గూడిన డెస్క్‌టాపు రాదు. నల్లని తెరమీద చిన్న గీత యొకటి మినుకుమినుకుమనుచు నిలుచును. లేక పాస్‌వర్డును పుచ్చుకొని, మరల మొదటి తెరకే వచ్చును. అంతట మన ఊళ్లలో అందరి నోటను వినవచ్చు మాట, "ఫార్మాటు చేయవలెను" అని. ఈ మాటను మేము ఒప్పుకొనజాలము. ఇంటిలో ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

మాయొద్ద చదివిన బాలిక యొకతె తన ల్యాప్‌టాపు ఇట్లు నిలిచిపోగా పట్టణమున మరమ్మతు చేయువానికడకు కొనిపోయెను. అది కొన్ని గంటలలో క్రొత్తదానివలె తిరిగి వచ్చెను. కాని రెండేండ్ల నోట్సు లేదు. ఉపకారవేతనమునకై స్కాను చేసి యుంచిన పత్రములు లేవు. కాలధర్మము నొందిన తాతగారి కంఠమును రికార్డు చేసి దాచుకొన్నదియు లేదు. పత్రములను మరల సంపాదింపవచ్చును. తాతగారి కంఠము నెవరు తెచ్చి యిత్తురు? మరియు, ఏమి చెడినదో మరమ్మతు చేసినవానికే తెలియదు. దానిని తెలుపు చిట్టాయు ఆ తుడుపుతోనే పోయెను. రెండు మాసములకు అదే నల్లతెర మరల వచ్చినది.

లినక్సు కెర్నెలును హెల్సింకీ నగరమున విద్యార్థిగా నున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించెను. తెరమీద కిటికీలను చూపు ఎక్స్ విండో వ్యవస్థ యన్ననో, అమెరికాలోని మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1984లోనే పుట్టినది. నేడు అనేక యంత్రములలో దాని స్థానమున నున్న వేలాండు 2008లో ఆరంభమైనది. అనగా కెర్నెలు వేరు, తెరను చూపు వ్యవస్థ వేరు. పై అంతస్తున దీపము ఆరినంతమాత్రమున క్రింది యిల్లు కూలినట్లు కాదు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 అను మూడు మీటలను ఒక్కసారిగా నొక్కి చూచిన ఈ సంగతి తెలియును. చాల యంత్రములలో అక్షరములు మాత్రమే గల తెర వచ్చి పేరును, పాస్‌వర్డును అడుగును. పాస్‌వర్డు కొట్టునప్పుడు చుక్క యైనను కనబడదు. కీబోర్డు చెడినదని పిల్లలు లేచిపోవుట కలదు!

లోపల ప్రవేశించిన పిమ్మట 'డీఎఫ్' అను ఆజ్ఞ నిచ్చి డిస్కులో చోటున్నదో లేదో చూడవలెను. డెస్క్‌టాపు లేచునప్పుడు చిన్న చిన్న ఫైళ్లను వ్రాసికొనుచుండును. డిస్కు నిండి గోరంత చోటు లేనియెడ వ్రాయలేక పడిపోవును. సినిమాలు దింపుకొను యంత్రములకు ఈ రోగ మెక్కువ. తమ సొంత వీడియోలలో అక్కరలేని పెద్దవానిని నాలుగింటిని తీసివేసిన తెర మరల రావచ్చును. వ్యవస్థకు సంబంధించిన ఫైళ్లను మాత్రము ముట్టరాదు.

చోటున్నను తెర రానిచో 'జర్నల్‌సీటీఎల్' అను ఆజ్ఞ ప్రక్కన అడ్డుగీతయు 'బీ' అక్షరమును చేర్చి కొట్టవలెను. యంత్రము ఈసారి లేచినది మొదలు వ్రాసికొన్న చిట్టా కనబడును. అది ఆంగ్లమున నుండుట నిజమే. కాని 'ఫెయిల్డ్' అను మాటను వెదకుటకు ఎనిమిదవ తరగతి యాంగ్లము చాలును. అప్‌డేటు జరిగిన వెంటనే తెర పోయినయెడల, క్రొత్త కెర్నెలునకును గ్రాఫిక్స్ డ్రైవరునకును పొత్తు కుదరలేదేమో యని అనుమానింపవలెను. అప్పుడు గ్రబ్ పట్టికలో పాత కెర్నెలు నెన్నుకొనిన తరచుగా పని జరుగును.

నలువదిమంది పిల్లలును పది యంత్రములును గల ఉపాధ్యాయునకు ఇంత తీరిక యెక్కడిదని మా తోటివా రడుగుదురు. న్యాయమే. డిస్కే చెడిపోవుచున్నచో క్రొత్తది తెచ్చి వ్యవస్థను మరల స్థాపింపక తప్పదు. అయినను ముందుగా పెన్‌డ్రైవునుండి లినక్సును నడిపి, ఫైళ్లను వేరొక చోటికి ఎత్తి చూడవలెనన్నదే మా పట్టుదల. తలిదండ్రులును "ఫైళ్లు దాచితిరా?" అని అడిగి, దాచినవానిని తెరపించి చూచిన తరువాతనే ఫార్మాటున కొప్పుకొనవలెను. ఇక మన కంప్యూటరు గదిలో మూలబడియున్న పాత యంత్రములలో నొకదానిని తొమ్మిదవ తరగతివారి కప్పగించి, దానిని చెడగొట్టి బాగుచేయు స్వేచ్ఛ వారి కిప్పింపుడని పాఠశాల పెద్దలను కోరుచున్నాము.