చదివినదొకటి, చేస్తున్నదొకటి

పూర్వం పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి ఏం చదివాడు?" అని అడిగితే సరిపోయేది. బి.ఎల్. అంటే ప్లీడరు, ఎల్.టి. అంటే మాస్టారు. ఇప్పుడు "ఏం చేస్తున్నాడు?" అని విడిగా అడగవలసి వస్తోంది. ఈమధ్య మా వీధిలో ఒక సంబంధం కుదిరింది. అబ్బాయి చదివింది సివిల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మాయి చదివింది మైక్రోబయాలజీ, చేసేది బ్యాంకు ఉద్యోగం. చదువుకూ ఉద్యోగానికీ పొంతన లేదేమని ఇరువైపులా ఎవరూ అడగలేదు. జాతకాలకు మాత్రం పొంతన ఉండితీరాలన్నారు.

నవ్వే హక్కు నాకూ లేదు. నేను వృక్షశాస్త్రంలో బి.ఎస్సీ. చదివి ముప్ఫై మూడేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. 1969 జూలైలో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాక పల్లెపల్లెకూ శాఖలు వచ్చాయి, వాటికి మనుషులు కావలసి వచ్చారు. ప్రకటనల్లో "ఏదైనా డిగ్రీ" అని ఉండేది. ఆ రెండు మాటలతో మా తరంలో ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో! ఒకసారి తిరువళ్ళూరు వైపు పల్లెలో పంట రుణం కోసం వచ్చిన రైతు చేతిలో వేరుశనగ ఆకు చూసి, ఇది తిక్క ఆకుమచ్చ తెగులు అని చెప్పగలిగాను. ముప్ఫై మూడేళ్ళలో నా డిగ్రీ అక్కరకొచ్చిన సందర్భం అదొక్కటే.

కొన్ని వృత్తులకు ఈ బాధ లేదు. వైద్యులు, నర్సులు, న్యాయవాదులు తగిన పట్టా లేనిదే ఆ పని చేయడానికి చట్టం ఒప్పుకోదు. తక్కినవాటిలో చాలాచోట్ల డిగ్రీ గేటు దగ్గర చూపించే చీటీ మాత్రమే. సివిల్ సర్వీసు పరీక్షకూ ఏదో ఒక డిగ్రీ చాలు. ఇంజనీరింగు చదివినవారు తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకుని ఆ పరీక్ష రాయడం మనకు తెలిసిందే. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు మెకానికల్, సివిల్ అని చూడకుండా పిల్లల్ని తీసుకుని, కొన్ని నెలలు తామే నేర్పించుకుంటాయి. ఇచ్చిన పాఠాన్ని గడువులోపల వంటబట్టించుకోగలడా లేదా అన్నదే వాళ్ళు చూసేది.

ఇలాంటప్పుడు మన సభల్లో వక్తలు గొప్పవారి పేర్లు వల్లిస్తారు. కొడవటిగంటి కుటుంబరావుగారు చదివింది భౌతికశాస్త్రం, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా మద్రాసులో చూసింది చందమామ పని. బాపుగారిది న్యాయశాస్త్ర పట్టా. కె. బాలచందర్ జంతుశాస్త్రం చదివి, అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పనిచేసి సినిమాల్లోకి వచ్చారు. అన్నీ నిజమే. కానీ వాళ్ళ చేతిలో డిగ్రీతో నిమిత్తం లేని విద్య మరొకటి ఉంది. మన పిల్లల్లో ఎక్కువమందికి అది ఉండదు. ఉండేది బ్యాంకు రుణం. నాలుగేళ్ళు సిమెంటు, ఇనుము లెక్కలు చదివి, వాటితో ఎప్పటికీ పనిలేని ఉద్యోగంలో చేరి, ఆ చదువు తాలూకు వాయిదాలు మాత్రం నెలనెలా కట్టుకుంటూ పోవడం కష్టమే. మంచి జీతం వస్తే ఎవరూ పైకి అనరు. రానప్పుడే ఇంట్లో "ఎందుకు చదివించామురా" అన్న మాట పుడుతుంది.

చదివిన చదువుకు తగ్గ ఉద్యోగమే దొరికితే నిశ్చింత అనుకుందామా? మా పిన్ని కూతురి సంగతి వినండి. ఎం.ఎ. తెలుగు చదివి, పండిత శిక్షణ పూర్తిచేసి, చెన్నైలోనే ఒక బడిలో తెలుగు టీచరుగా చేరింది. అంతకంటే చక్కని పొంతన ఏముంటుంది? తమిళనాడులో 2006లో తమిళం నేర్వడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ విద్యా సంవత్సరం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి జరుగుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఆ చట్టం మంచిచెడ్డల చర్చ ఈ పుటలో పెట్టను. మా చెల్లెలి బడిలో మాత్రం తెలుగు తరగతిలో కూర్చునే పిల్లలు ఏటికేడు తగ్గిపోయారు. చివరకు ఆమెకు గ్రంథాలయం తాళంచెవి ఇచ్చారు. రెండేళ్ళు చూసి మానేసింది.

ఇప్పుడామె తమిళ సీరియళ్ళకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తోంది. తెరమీద మనిషి పెదవులు కలిపినచోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. ఆయన నోరు మూసేసరికి వాక్యం అయిపోవాలి, అర్థం చెడకూడదు. గురువులూ లఘువులూ లెక్కపెట్టిన చేయి కనుక ఆమెకు ఇది తొందరగా పట్టుబడింది. ఛందస్సు పాఠం ఇక్కడ పనికొస్తుందని దాన్ని చెప్పిన మాస్టారికీ తెలిసి ఉండదు. ఎపిసోడుకు ఇంత అని ఇస్తారు. పింఛను లేదు, పి.ఎఫ్. లేదు.

ఆమె కూతురు ఈ ఏడు ప్లస్ టూ ముగించింది. చరిత్ర బి.ఎ. చదువుతానంటోంది. కంప్యూటర్ సైన్సు తప్ప వద్దంటున్నది ఎవరనుకున్నారు? తెలుగు చదివి తెలుగుతోనే బతుకుతున్న మా చెల్లెలే. "అన్నయ్యా, నువ్వు దాన్ని వెనకేసుకు రావద్దు. జీతం ఆగినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, దానికి తెలియదు" అంది. కాదనడానికి నా దగ్గర గట్టి జవాబేదీ లేదు. అయినా ఒకటి చెప్పాను. 2000 తరువాత బయోటెక్నాలజీ అంటూ ఎగబడి చేరినవారిలో ఎందరో వేరే పనుల్లో తేలారు. 2001లో అమెరికా మార్కెట్టు పడిపోయినప్పుడు కంప్యూటరు చదివినవారూ ఇళ్ళల్లో కూర్చున్నారు. ప్రోగ్రాములు కంప్యూటరే రాసిపెడుతున్న ఈ రోజుల్లో నాలుగేళ్ళ తరువాతి సంగతి కాలేజీవారికీ తెలియదు. ఎటూ తెలియనప్పుడు, వెనక ఎవరూ తరమకుండా తనంతట తాను కూర్చుని చదివే చదువైతే, వేరే పనిలోకి పోయినా కొంత వెంటవస్తుంది. దానితోపాటు అకౌంట్లో మరొకటో ఒక చేతిపని నేర్చుకోమను అన్నాను.

చెల్లెలు ఊఁ అనలేదు. పిల్ల రెండు చోట్లా దరఖాస్తు పెట్టింది. ఫీజు కట్టడానికి ఇంకా పది రోజుల గడువుంది.