సముద్రం పిలుచుకోలేదు

నటాల్యా మొల్చనోవా పేరెత్తితే చాలు, రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. బుద్ధిమంతులు 'చావుతో చెలగాటమాడింది, పోయింది' అంటారు. కవిహృదయులు 'సముద్రం తన బిడ్డను తాను పిలుచుకుంది' అంటారు. ఒకటి తిట్టు, ఒకటి పొగడ్త. పని మాత్రం రెండూ ఒకటే చేస్తాయి: ఆమె ఎలా బతికిందో, ఎందుకు పోయిందో ఆరా తీసే శ్రమ మనకు తప్పిస్తాయి.

ముందు చెలగాటం సంగతి చూద్దాం. వీపున సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో లోతుకు దిగి రావడం ఫ్రీడైవింగ్. 1962లో రష్యాలోని ఉఫాలో పుట్టిన మొల్చనోవా కుర్రతనంలో కాళ్ళకు తొడిగే ఫిన్లతో ఈదే పోటీల్లో పాల్గొంది. తర్వాత పెళ్ళి, పిల్లలు, దాదాపు ఇరవయ్యేళ్ళ విరామం. ఫ్రీడైవింగ్‌లోకి వచ్చేసరికి నలభై దాటాయి. తెగింపు కోసం దిగే వయసు కాదది. ఆమె ఈ విద్యను చదువుకుంది, మాస్కోలోని క్రీడా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పింది. ధ్యాసను ఒకచోట బిగించకుండా చుట్టూ పరిచి మనసును నెమ్మదింపజేసే పద్ధతిని శిష్యులకు నేర్పింది. 2009లో ఫిన్లతో 100 మీటర్ల లోతు దాటిన మొదటి మహిళ ఆమే. 2013లో బెల్‌గ్రేడ్‌లో నీళ్ళలో కదలకుండా 9 నిమిషాల 2 సెకన్లు ఊపిరి బిగబట్టింది. మొత్తం 41 ప్రపంచ రికార్డులు. చెలగాటగాళ్ళు ఒకటో రెండో కొట్టి పోతారు, పన్నెండేళ్ళపాటు వరసగా కొట్టరు.

ఇదంతా మన ప్రాణాయామమేనని భుజాలు చరుచుకునేవాళ్ళూ ఉన్నారు. చరుచుకోనివ్వండి. ముఖానికి చన్నీళ్ళు తగిలితే గుండె వేగం తగ్గడం, కాళ్ళూచేతుల రక్తనాళాలు ముడుచుకుని రక్తం గుండెకీ మెదడుకీ మిగలడం, ప్లీహం దాచుకున్న ఎర్రకణాలను వదలడం ఏ దేశపు శరీరంలోనైనా జరిగేవే. 100 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి 11 రెట్లు. ఊపిరితిత్తుల్లోని గాలి పదకొండో వంతుకు నలిగిపోతే, ఆ ఖాళీలోకి రక్తం వచ్చి చేరుతుంది.

అసలు ప్రమాదం ఉన్నది తిరుగుదారిలో. లోతులో పీడనం వల్ల మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా మెదడుకు సరిపోతుంది. పైకి వచ్చేకొద్దీ పీడనం పడిపోయి అదే ఆక్సిజన్ చాలదు. అందుకే ఎక్కువమంది స్పృహ తప్పేది వెలుతురు కనబడే చివరి మీటర్లలోనో, తల నీటిపైకి వచ్చాకనో. పోటీ నియమాలన్నీ దీని చుట్టూ అల్లినవే. డైవర్‌ను నిలువు తాడుకు తగిలించి ఉంచుతారు. రక్షణ డైవర్లు ఎదురెళ్ళి వెంట వస్తారు. పైకొచ్చిన 15 సెకన్లలో ముఖం మీది సామగ్రి తీసి, సైగ చేసి, బాగున్నానని చెప్పాలి. స్పృహ తప్పి తేలితే 100 మీటర్లు దిగినా లెక్కలోకి రాదు.

ప్రమాదాలు లేవని అనను. 2013లో బహామాస్‌లో ఫ్రీడైవర్ నికొలస్ మెవోలీ పోటీలోనే చనిపోయాడు. 2002లో డొమినికన్ రిపబ్లిక్‌లో మరో ఫ్రీడైవర్ ఆడ్రీ మెస్ట్ర్ 171 మీటర్లకు దిగినప్పుడు ఆమెను పైకి లేపాల్సిన సంచికి గాలి అందలేదు. అది సముద్రం చేసిన తప్పా?

ఇక 2015 ఆగస్టు 2. మొల్చనోవా స్పెయిన్‌లోని ఫోర్మెంతేరా దగ్గర ప్రైవేటు పాఠం చెబుతూ, ఫిన్లు లేకుండా 30, 40 మీటర్లకని దిగింది. ఆ ఏడాదే ఫిన్లు లేకుండా 71 మీటర్లు దిగి వచ్చిన మనిషికి అదో లోతు కాదు. బలమైన ప్రవాహంలో చిక్కుకుని ఉంటుందని అనుకున్నారు. శరీరం దొరకలేదు. పోటీలో ఉండే రక్షణ బృందం అక్కడ లేదు. తాడుకు తగిలించుకుని ఉంటే కనీసం ఎక్కడుందో తెలిసేది. యాభై మూడేళ్ళ ఆ ఛాంపియన్ చాలా లోతుకు వెళ్ళినందుకు పోలేదు, తక్కువ లోతే కదా అని జాగ్రత్తలు సడలిన చోట పోయింది. దీన్ని విధి అంటే ఆ సడలింపుకు మాఫీ ఇచ్చినట్టే. ఆమె కొడుకు అలెక్సీ మొల్చనోవ్ ఆ విధిని నమ్మలేదు. తర్వాతా దిగాడు, రికార్డులు కొట్టాడు.

ఈ వాదన మనకెందుకంటారా? బావుల్లో, చెరువుల్లో, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల స్విమ్మింగ్ పూల్‌లలో పిల్లలు ఊపిరి బిగబట్టే పందేలు వేసుకుంటూనే ఉన్నారు. దిగేముందు గబగబా గాలి పీల్చి దమ్ము పెంచుకున్నామనుకుంటారు. ఆక్సిజన్ పెద్దగా పెరగదు. పైకి రమ్మని ఒంటిని తొందరపెట్టే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతుంది. ఆ గబగబా పీల్చడం మాన్పించండి. ఈత బాగా వచ్చినవాళ్ళు పక్కనే నిలబడి కన్నార్పకుండా చూడకపోతే ఆ పందెం ఆడనివ్వకండి.