దీపానికీ ఒక పరిమితి

హోసూరులో మా అమ్మాయి మొదటి ఆర్డ్వినో బోర్డు కాలిపోయాక ఆర్నెల్లు ఆ పెట్టె తెరవలేదు. బోర్డు ఖరీదు కన్నా పిల్ల ఉత్సాహం పోవడమే పెద్ద నష్టం. అందుకే ఈసారి ఈ లెక్క.

బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టుకు పరిమితి ఉన్నట్టే, ఊనో బోర్డులో ఒక్కో పిన్నుకూ ఉంది. 20 మిల్లీ ఆంపియర్లు క్షేమం. 40 దాటితే చిప్పు చెడిపోవచ్చు. పిన్ను ఇచ్చే 5 వోల్టుల్లో ఎరుపు ఎల్.ఇ.డి. సుమారు 2 తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులకు అడ్డంగా 220 ఓముల రెసిస్టరు పెడితే, పారేది 14 మిల్లీ ఆంపియర్లే.

రంగులు మారే డబ్ల్యు.ఎస్. 2812బి దీపాల పట్టీ అయితే ఖర్చు ఎక్కువ. పూర్తి తెల్లని వెలుగులో ఒక్కో దీపానికి 60 మిల్లీ ఆంపియర్ల దాకా కావాలి. 30 దీపాలకు 1,800. యు.ఎస్.బి. ద్వారా ఊనోకు అందేది 500 మాత్రమే. కనుక పట్టీకి వేరే 5 వోల్టుల సరఫరా ఇవ్వాలి. రెండింటి గ్రౌండు తీగలనూ తప్పక కలపాలి. లేకపోతే బోర్డు పంపే సంకేతం పట్టీకి సరిగా అందదు.

తీగలు కలిపే ముందు పిల్లల పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేయించండి. బడిలో తమిళమూ ఇంగ్లీషూ ఎలాగూ ఉన్నాయి. ఈ కాస్త లెక్కా తెలుగులో సాగనివ్వండి.