నిక్కరు తడిసే రోజులు

మగపిల్లాడికి రెండేళ్లు నిండగానే ఇంటిల్లిపాది కళ్లూ వాడి నిక్కరు మీదే. పక్కింటి పిల్ల డైపర్ ఎప్పుడో మానేసిందట! మగపిల్లలు సగటున కొన్ని నెలలు ఆలస్యమే, పోలిక దేనికి? వెనక అమ్మమ్మలు కాళ్లు చాపి, పాదాల మీద కూర్చోబెట్టి 'ష్‌ష్' అనేవారు. నిజానికి పిల్లాడి వేళలు వాళ్లకు కంఠతా వచ్చేవి. తిన్న కాసేపటికి పేగుల్లో కదలిక పెరుగుతుంది. అన్నం తిన్నాక కూర్చోబెట్టడం అందుకే. మొదట మూత్రం, మలం రెండూ కూర్చునే చేయడం నేర్పండి. నిలబడటం నాన్నను చూసి వాడే పట్టేస్తాడు. కసిరారో, బిగబట్టుకుంటాడు, మలబద్ధకం మొదలవుతుంది. రాత్రి పక్క తడపడం మాత్రం వేరే సంగతి, ఐదేళ్ల దాకా దాని జోలికి పోనక్కర్లేదు.