మురీ మిక్చర్‌కి పార్శిల్ లేదు

ఈ వారం నా కోపానికి కారణం ఓ కాగితం పొట్లం. బీచ్ రోడ్డులో నేనెప్పుడూ కొనే మురీ మిక్చర్ బండి మళ్లీ మాయమైంది. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడా లేదు. ఎవరో పెద్దలు ఆ దారిన వెళ్తున్నారట, అందుకని రోడ్డు ‘శుభ్రం’ చేశారట. బండి ఉండే చోట సిమెంటు కుండీలూ, వాటిలో పూలమొక్కలూ వెలిశాయి. మొక్కల మీద నాకేం కోపం లేదు. అవి నిమ్మకాయ పిండలేవు, అంతే.

విశాఖ వాళ్లకి మురీ మిక్చర్ గురించి చెప్పనక్కర్లేదు. కానీ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. రేకు డబ్బాలో రెండు గుప్పెళ్ల మురీలు (అదే, మరమరాలు), వేయించిన వేరుసెనగ గుళ్లు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర పడతాయి. ఆ పైన ఉప్పు, కారం, కాస్త మసాలా. “నిమ్మకాయ ఎక్కువెయ్యాలేటి బావూ?” అని అడుగుతూనే అరచెక్క పిండేస్తాడు. మన జవాబుతో అతనికి పనిలేదు. గరిటెతో డబ్బా టకటకలాడేలా నాలుగు తిప్పులు తిప్పి, పొట్లంలోకి ఒంపి, చెంచాకి బదులు ఓ అట్టముక్క గుచ్చి ఇస్తాడు. అక్కణ్నుంచి మనకున్న గడువు అయిదు నిమిషాలు. నిమ్మరసం తగిలిన మురీ సముద్రపు గాలికి మెత్తబడటానికి అంతకన్నా పట్టదు. ఇంటికి పట్టుకెళ్తే మిగిలేది ముద్దే.

అంచేత దీనికి పార్శిల్ లేదు. యాప్‌లో ఆర్డరు పెట్టుకునే వీలూ లేదు. బండి ఎదురుగా నిలబడైనా తినాలి, పది అడుగులేసి పిట్టగోడ మీద కూర్చునైనా తినాలి. “వాళ్లని తీసేయడం లేదండీ, వేరే చోటికి మారుస్తున్నాం” అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. రెండు వీధుల వెనక రేకుల షెడ్డు వేసి, నంబర్లు రాసిన గదుల్లో అమ్ముకోమంటే ఎవరెళ్తారు? సముద్రం చూడ్డానికి వచ్చినవాడు మురీ తింటాడు గానీ, మురీ తినడానికని ఎవడూ షెడ్డు వెతుక్కుంటూ వెళ్లడు. పొత్తుల సంగతీ అంతే. కుంపట్లో బొగ్గు రాజుకోవడానికి సాయంత్రం వేళ సముద్రమే విసురుతుంది. షెడ్డులోకి ఆ గాలిని ఎవరు తీసుకెళ్తారు?

ఇదంతా జిహ్వ చాపల్యం అని కొట్టిపారేసేవాళ్ల కోసం చట్టం సంగతీ చెబుతాను. పార్లమెంటు 2014లో వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే పూర్తయి, గుర్తించిన వాళ్లందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదంది. ఆ తర్వాతైనా లేపాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వమంది. వీళ్ల సంగతి చూసే కమిటీలో 40 శాతానికి తగ్గకుండా అమ్ముకునేవాళ్లే ఉండాలంది, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు కావాలంది. జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు ఊళ్లో చోటు చూపించమంది. 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటిన ఊరు మనది. ఆ పాత లెక్కన చూసినా 40 వేల పైమాటే. మన దగ్గర జరిగిందేమిటి? 2025 సెప్టెంబరులో ‘ఆపరేషన్ లంగ్స్’ అని పేరు పెట్టి నగరమంతా బడ్డీలూ, తోపుడుబళ్లూ ఎత్తేశారు. నడిచేవాడికి ఫుట్‌పాత్ కావాలి, కాదనను. నేనూ నడిచేవాడినే. కానీ ఫుట్‌పాత్ మీంచి నన్ను రోడ్డు మీదికి దింపుతున్నవి తోపుడుబళ్ల కన్నా నిలబెట్టిన మోటారు సైకిళ్లూ, ముందు చక్రాలు పైకెక్కించిన కార్లూ. వాటికి ఆపరేషన్ ఎప్పుడు?

అసలు మనవాళ్ల దృష్టిలో సముద్రం ఇంకా తయారవని సరుకు. దానికి ఏదో ఒకటి తగిలించి, ఒక గేటు పెట్టి, టికెట్టు కొడితే గానీ అది పర్యాటకం అనిపించుకోదు. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి ముక్క విడిపోయి నీళ్లలోకి పోయింది. అది తెగిపోలేదు, పరీక్ష కోసం మేమే విడదీశాం అన్నారు. అలలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒకటి లంగరు జారి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. ఓడ ఒడ్డెక్కితే మనవాళ్లకి వచ్చిన ఆలోచన, దాన్ని హోటలు చేద్దామని! 2023లో ఋషికొండ బీచ్‌లో కాలు పెట్టడానికే 20 రూపాయల రుసుము అన్నారు. జనం గోల చేస్తే వెనక్కి తగ్గారు. ఆ పక్కన కొండని తొలిచి వందల కోట్లతో కట్టిన భవనాల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది?

ప్రభుత్వం మారింది, ఆలోచన మారలేదు. 2025 ఆగస్టులో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ బస్సులు వేశారు. రోజంతా తిరగడానికి టికెట్టు 500 అని, సగం ప్రభుత్వం భరిస్తుందని, మనం 250 ఇస్తే చాలని చెప్పారు. భార్యాభర్తలిద్దరికి 500. వచ్చే చుట్టాలకి బాగానే ఉంటుంది, సంతోషం. కానీ మద్దిలపాలెంలో ఉండేవాడు సాయంత్రం పెళ్లాన్ని తీసుకుని సముద్రం దాకా వెళ్లిరావడానికి కావలసింది రెండంతస్తుల బస్సు కాదు, తిరిగొచ్చేటప్పుడు రాత్రి తొమ్మిది తర్వాత కూడా దొరికే మామూలు సిటీ బస్సు. భీమిలి వైపు వెళ్లే 900కె లో కిటికీ పక్క సీటు దొరికితే కనిపించేదీ అదే సముద్రం.

ఇక నా పాత పాట. ఈ శీర్షిక చదివేవాళ్లు ‘మళ్లీ పిట్టగోడ దగ్గరికి వచ్చాడు’ అని నవ్వుకుంటారు. నవ్వుకోండి. బీచ్ రోడ్డు వెంబడి ఉన్న పిట్టగోడకి సాటివచ్చే కట్టడం ఈ ఊళ్లో లేదని నా నమ్మకం. మోకాలెత్తు గోడ. ఎవరూ డబ్బులడగరు, ఎందుకు కూర్చున్నావనీ అడగరు. పింఛను తీసుకునే పెద్దాయనలు రాజకీయాలు తేలుస్తుంటారు. కోచింగ్ సెంటరు కుర్రాళ్లు ఒకే పొట్లంలో నలుగురు చేతులు పెడతారు. పెళ్లి కుదరని జంటలు రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంటారు. నైటు డ్యూటీకి వెళ్లే నర్సమ్మ చెప్పులు విడిచి పది నిమిషాలు గాలి పీల్చుకుంటుంది. కాఫీ కొనకుండా, టికెట్టు తీసుకోకుండా ఇంతమంది ఇంతసేపు కూర్చోగలిగే చోటు నగరంలో ఇంకొకటి చూపించండి.

పైగా మన సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం నాలుగు దాటితే ఊరి నీడే ఇసుక మీద పడి చల్లబడుతుంది. పౌర్ణమి నాడైతే వెనక మేడల చాటున సూర్యుడు దిగేసరికి ముందు నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. మొదట ఎర్రగా, కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటాడు. చూస్తుండగానే గుండ్రంగా తేరుకుని, గోడ దాకా నీళ్ల మీద వెలుగు పరుస్తాడు. నెల నెలా ఆడే ఈ ఆటకి ఇంతవరకూ ఎవరూ రేటు కట్టలేదు. నేను గుర్తు చేసినట్టు అవుతుందేమోనని భయపడుతూనే రాస్తున్నాను.

ఇప్పుడు ఎక్కడ సుందరీకరణ మొదలెట్టినా ముందు వేటు పడేది ఇలా ఊరికే కూర్చునే చోట్ల మీదే. గోడ తీసి రెయిలింగు పెడతారు. ఆనుకోవచ్చు, కూర్చోలేం. లేదంటే నున్నటి గ్రానైటు బల్లలు వేస్తారు, చీకటి పడేదాకా వాటి వేడి దిగదు. ‘ఐ లవ్’ అని మనిషెత్తు అక్షరాలు నిలబెడతారు, వాటి ముందు ఫొటోకి వరస. సముద్రం ఆ అక్షరాల వెనక పడిపోతుంది. ఇంతా చేసి, అసలు ఇసుకే ఏటేటా తరిగిపోతోంది. హార్బరు గోడలు ఉత్తరానికి కదిలే ఇసుకని అడ్డుకుంటాయి కాబట్టి డ్రెడ్జర్లతో తోడి పోయాల్సి వస్తోంది. బీచ్‌లో మిగలాల్సింది ముందు ఇసుక, తర్వాత గోడ, ఆ తర్వాత బండి. మిగతావి డబ్బులు మిగిలితే చూసుకోవచ్చు.

బండివాళ్లని తీసేయడం ప్రభుత్వానికే అంటిన జబ్బని నేను అనడం లేదు. మనకీ ఉంది. మా అపార్ట్‌మెంటు గేటుకి ‘అమ్మకందారులకు ప్రవేశం లేదు’ అని బోర్డు తగిలించారు. దాంతో జాలరిపేట నుంచి గంపతో వచ్చే చేపలావిడ గేటు బయటే ఆగిపోయింది. “అమ్మా, కవళ్లు తెచ్చాను, బేగి రండి” అని ఆవిడ కేకేస్తే మూడు అంతస్తుల్లో తలుపులు తెరుచుకునేవి. మెట్ల దగ్గర కత్తిపీట వేసుకుని, పొలుసు గీకి, ముక్కలు కోసి, కడిగిన చోటు మళ్లీ కడిగి వెళ్లేది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. ఆ రోజుల్లో కూడా తెప్పల మీద వెళ్లినవాళ్లు తెచ్చిన కాసిని నెత్తళ్లు ఆవిడ గంపలోనే దొరికేవి. ఏ చేప ఎన్ని గంటలకి ఒడ్డుకొచ్చిందో ఆవిడకి తెలుసు, ఏ ఇంట్లో ముల్లుకి భయపడే పిల్లలున్నారో అదీ తెలుసు.

ఇప్పుడు అదే గేటులోంచి రోజంతా డెలివరీ కుర్రాళ్లు వస్తూ పోతూనే ఉంటారు. వాళ్లమీదా నాకు ఫిర్యాదు లేదు, ఎండలో తిరిగే పిల్లలు. కానీ వాళ్ల సంచిలో ఐసు ముక్కల మధ్య వచ్చే వంజరం ముక్కకి లేని వాసన ఆవిడ గంపకి మాత్రం ఎలా వచ్చింది? సముద్రం కనిపించే ఫ్లాటని లక్షలు ఎక్కువ పోసి కొంటాం, సముద్రం వాసన లిఫ్టులోకి రాకూడదంటాం.

వచ్చే నెల సమావేశంలో ఆ బోర్డు తీసేయాలని తీర్మానం పెట్టబోతున్నాను. నెగ్గదని తెలుసు. లిఫ్టు పాడవుతుందంటే మెట్లెక్కనివ్వండి. మెట్లూ కూడదంటే గేటు పక్కన నాలుగు గజాల చోటు, ఓ కుళాయి ఇవ్వండి. అదీ కుదరదని చెయ్యెత్తి ఓటేసేవాళ్లకి నా మనవి ఒకటే. సాయంత్రం వాకింగులో కలిసినప్పుడు, బీచ్‌లో మురీ బండి తీసేశారు చూశారా, ఎంత అన్యాయం అని మాత్రం నా దగ్గర అనకండి.