ఇంటి గుట్టు వేరు, ఆమె గుట్టు వేరు

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఒకామె చీపురుపల్లిలో నన్ను వెతుక్కుంటూ వచ్చి, చేతిసంచిలోంచి నాలుగు జిరాక్సు కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. భర్త వేసిన విడాకుల కేసులో ఆమెకు అందిన కాగితాలవి. వాటిలో ఒక పేజీ చూసి నాకు నోట మాట రాలేదు. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని, చచ్చిపోవాలనిపిస్తోందని రెండేళ్ళ కిందట ఆమె ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో చెప్పుకున్న మాటల నకలు అది. తేదీ ఉంది. కౌన్సెలర్ చేతిరాత ఉంది. పెళ్ళికి ముందు ఒకరిని ఇష్టపడిన సంగతి ఉంది. కొట్టినప్పుడు తిరగబడి చెంబు విసిరిన సంగతి ఉంది. 'ఒక్కోసారి పిల్లల మొహం కూడా చూడాలనిపించదు' అన్న మాట కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది.

"తలుపేసుకుని సెప్పినానమ్మా. ఏడిసి సెప్పినాను. అది కోర్టుకెలాగెల్లింది?" అని అడిగిందామె.

ఎలా వెళ్ళిందో కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అవసరం కాలేదు. భర్త వెళ్ళి అడిగాడు, వాళ్ళు జిరాక్సు తీసి ఇచ్చారు. అదేమిటని అడిగితే "భర్తే కదండీ" అన్నారు. ఎవరూ లంచం తీసుకోలేదు. ఎవరికీ ఆమె మీద కక్ష లేదు. 'భర్తే కదా' అనే మాట ఒక్కటే చాలింది.

ఆమెది ఏ ఊరో, ఏ కులమో, ఎంతమంది పిల్లలో, ఆ కేంద్రం ఎక్కడుందో రాయను. మా వైపు ఇందులో ఏ రెండు సంగతులు చెప్పినా చాలు, చీపురుపల్లి రైల్వే స్టేషన్ దగ్గర టీ తాగేవాళ్ళు మూడోది కలిపి మనిషిని పోల్చేస్తారు. రాసినంత మటుకు ఆమెకు చదివి వినిపించాను. రెండు వాక్యాలు తీసేయమంది. తీసేశాను. అసలు ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ఆమె మాట ఆమెది. దాన్ని ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో తేల్చవలసింది ఆమె.

ఇందులో వింత ఏముంది, అందరం ఒప్పుకునేదే కదా అని మీరనవచ్చు. ఒప్పుకోం. స్త్రీల ఉద్యమంలో ఉన్న మనకు 'రహస్యం' అనే మాట మీద మొదటినుంచీ అనుమానమే. అందుకు కారణం ఉంది. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని బుద్ధి చెప్పి ఆడపిల్లను అత్తారింటికి పంపే సమాజం మనది. కొట్టినా గుట్టే, కట్నం కోసం కాల్చినా గుట్టే. ఆ గుట్టును రచ్చకెక్కించడానికే మనం సంఘాలు పెట్టుకున్నాం. నాలుగు గోడల మధ్య జరిగేది సొంత విషయం కాదని, రాజకీయ విషయమని అరిచి చెప్పాం. ఇప్పుడు మళ్ళీ రహస్యాన్ని కాపాడమని అడగడం ఏమిటి?

ఇక్కడే మనం రెండింటిని విడదీసి చూడాలి. ఇంటి గుట్టు వేరు, ఆమె గుట్టు వేరు. ఇంటి గుట్టు కొట్టేవాడిని కాపాడుతుంది. ఆమె గుట్టు అతని నుంచి ఆమెను కాపాడుతుంది. ఈ పితృస్వామ్య సమాజం మొదటిదాన్ని పరువు పేరుతో నెత్తిన పెట్టుకుంటుంది. రెండోది అసలు ఉందనే ఒప్పుకోదు. పెళ్ళాం మనసులోని మాట కూడా మొగుడి ఆస్తిలో భాగమే అనుకుంటుంది.

ఈ తేడాను మన రాష్ట్ర హైకోర్టు ఒకప్పుడు పట్టుకుంది. కాపురానికి రమ్మని భర్త వేసిన కేసులో, 1983లో, జస్టిస్ పి.ఎ. చౌదరి గారు హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌ను కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు ఉత్తర్వుతో భర్త దగ్గరికి పంపడం ఆమె శరీరం మీద, ఆమె ఏకాంతం మీద దాడి అని ఆయన వాదం. అంటే ఏకాంతం ఇంటిది కాదు, మనిషిది. కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు దీనికి ఎదురు తీర్పు ఇచ్చింది. సంసారంలోకి రాజ్యాంగాన్ని తేవడమంటే పింగాణీ సామాన్ల కొట్టులోకి ఆబోతును తోలడమేనంది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. ఆ 9వ సెక్షన్ ఇప్పటికీ చట్టంలో ఉంది. వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పడానికి 2017 ఆగస్టు దాకా పట్టింది. ఆ మాటను 1962లోనే, పోలీసు నిఘా కేసులో, విడిగా రాసిన తీర్పులో చెప్పినవారు కోకా సుబ్బారావు గారు. మన తెలుగువాడని చెప్పుకోవడం సులువే. ఆ హక్కు మన కౌన్సెలింగ్ గది గుమ్మం దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న.

చట్టంలో ఏముందో చూద్దాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. మానసిక అనారోగ్యం ఉన్న మనిషి గురించి చికిత్సలో తెలిసిన సంగతులన్నీ వైద్య సిబ్బంది గోప్యంగా ఉంచాలని దాని 23వ సెక్షన్ చెబుతుంది. తన రికార్డు తాను చూసుకునే హక్కు 25వ సెక్షన్ ఇస్తుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరగబోతున్నప్పుడు, అవసరమైనంత మేరకు చెప్పవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఇందులోనే ఒక కిటికీ తెరిచి ఉంది. రోగి 'నియమిత ప్రతినిధి'కి తన బాధ్యతలు నిర్వహించడానికి కావలసిన సమాచారం ఇవ్వవచ్చు. రోగి ఎవరినీ నియమించుకోకపోతే? బంధువే ప్రతినిధి అవుతాడు. పెళ్ళయిన ఆడదానికి ముందుగా గుర్తొచ్చే బంధువు ఎవరో వేరే చెప్పాలా? ఏ మనిషి దెబ్బలకు ఆమె నిద్ర పోయిందో, ఆ మనిషే ఆమె నిద్రమాత్రల లెక్క అడిగే హక్కుదారుడవుతాడు.

దీనికి విరుగుడు కూడా ఆ చట్టంలోనే, 14వ సెక్షన్‌లో ఉంది. స్టాంపు కాగితం అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద ఫలానావారు నా ప్రతినిధి అని రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ ప్రతినిధి మేజరై ఉండి, తనకు సమ్మతమని రాసివ్వాలి. అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. ఈ సంగతి ఎంతమంది కార్యకర్తలకు తెలుసు? తెలిసిన మనం ఎంతమందితో రాయించాం?

పైగా ఈ చట్టం ఆసుపత్రికి, వైద్య సిబ్బందికి. కుటుంబ తగాదాలు చూసే కౌన్సెలింగ్ కేంద్రాలలో, పోలీసు స్టేషన్ వరండాలో, స్వచ్ఛంద సంస్థల గదుల్లో కూర్చున్న ఆడదాన్ని ఎవరూ 'రోగి' అనరు. అనకూడదు కూడా. కాబట్టి రోగికి దొరికే రక్షణ కూడా ఆమెకు దొరకదు. క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారిని మీకేం చదువుంది, ఏ నియమాలున్నాయి అని అడిగే నాథుడు లేడు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంప్యూటర్లోకి, ఫోన్లోకి ఎక్కిన సమాచారం గురించి మాట్లాడుతుంది. మన బీరువాలో ఉన్న కాగితం రిజిస్టరు దాని లెక్కలోకి రాదు.

ఇక కోర్టు. ప్లీడరుకు చెప్పుకున్న మాటను బయటపెట్టమని ప్లీడరును బలవంతపెట్టరాదని సాక్ష్య చట్టం చెబుతుంది. 2024 జులై నుంచి అమలైన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. డాక్టరుకు, సైకాలజిస్టుకు, కౌన్సెలర్‌కు చెప్పుకున్న మాటకు మాత్రం పాత చట్టంలోనూ లేదు, కొత్తదానిలోనూ లేదు. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోను మాటలను దొంగతనంగా రికార్డు చేసి తెచ్చిన భర్తను మన హైకోర్టు ఒకప్పుడు మందలించి, ఆ టేపులు చెల్లవంది. 2025 జులైలో సుప్రీంకోర్టు మరో కేసులో, భార్యాభర్తల మధ్య సంభాషణను ఒకరు రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. గాలి ఎటు వీస్తోందో కనబడుతూనే ఉంది. ఇంట్లో మాటకే దిక్కు లేనప్పుడు కౌన్సెలింగ్ గదిలో మాటకు ఏ దిక్కు?

ఈ కాగితాలతో భర్తలకు పనేమిటో తెలుసుకోవాలి. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. ఏదో జబ్బు పేరు ఉన్నంత మాత్రాన చాలదని, కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. కానీ ఆ సూక్ష్మం ఊరికి అక్కర్లేదు. 'దానికి పిచ్చంట, కాగితం ఉంది' అన్న మాట బస్సెక్కి గరివిడి, రాజాం దాకా పోతుంది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువులో పనికొస్తుంది. రాజీ బేరంలో ఇవ్వవలసిన డబ్బు తగ్గించడానికి పనికొస్తుంది. దెబ్బలు తిన్నందుకు మనసు చెదిరితే, ఆ చెదిరిన మనసే దెబ్బలు కొట్టినవాడికి సాక్ష్యం! ఇంతకన్నా ఘోరం ఏముంటుంది?

ఇప్పటిదాకా పక్కవాళ్ళను తిట్టాను. ఇక మన సంగతి.

చాలా ఏళ్ళ కిందట మా సంస్థ వార్షిక నివేదికకు నేనొక 'కేస్ స్టడీ' రాశాను. నిధులిచ్చేవాళ్ళు విజయగాథలు అడిగారు. పేరు మార్చాను, అంతటితో నా ధర్మం తీరిందనుకున్నాను. మండలం పేరు ఉంచాను. వయసు ఉంచాను. భర్త చేసే పని ఉంచాను. పక్కకు తిరిగిన ఫోటో కూడా వేశాం. ఆ పుస్తకం ఒక మీటింగులో పంచితే, ఆమె ఆడపడుచు ఊరికే చెందిన ఒక అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో పడింది. వారం తిరక్కుండా ఆమె నా దగ్గరికి వచ్చి, "నా కష్టం అచ్చేయమని నిన్నడిగినానా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు.

మన ఆఫీసులు ఒకసారి చూడండి. కేసు రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంటుంది. తరువాత వచ్చినామె తన వంతు కోసం కూర్చుని ముందు వచ్చినామె కథ చదువుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో 'ఈ రోజు కేసు' అని పేరుతో, ఫోటోతో పెడతాం. కౌన్సెలింగ్ తేదీ గుర్తు చేసే మెసేజ్ పంపుతాం. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది భర్త జేబులో ఉంటుంది. పత్రికవాళ్ళు వస్తే ఆమెను పిలిచి 'చెప్పమ్మా' అంటాం. ఆమె కాదనలేదు, ఎందుకంటే రేపు మళ్ళీ మన దగ్గరికే రావాలి. మొహమాటంతో ఊపిన తలను అనుమతి అని రాసుకుంటాం.

దీనికి మన సమాధానాలు నాకు తెలుసు. పల్లెటూళ్ళో దాపరికం ఎక్కడుందండీ, అందరికీ అన్నీ తెలుసు అంటాం. తెలియడం వేరు, సంతకంతో, ముద్రతో కాగితంగా కోర్టుకెక్కడం వేరు. రికార్డు లేకపోతే గృహహింస కేసులో రుజువెలా అంటాం. నిజమే. గాయాలు, తేదీలు, ఆమె అడిగిన సహాయం తప్పకుండా రాయాలి. అవి ఆమెకు అవసరమైన ఆయుధాలు. కానీ పెళ్ళికి ముందు ఎవరిని ఇష్టపడిందో ఎవరికి అవసరమని రాశాం? రాయని మాటను ఏ కోర్టూ తెప్పించలేదు, ఏ భర్తా జిరాక్సు తీయించలేడు.

అందుచేత ప్రతి సంస్థా తన గదిలో ఈ పనులు ఇవాళే మొదలుపెట్టాలని నేనంటాను. నోరు విప్పే ముందే ఆమెకు చెప్పాలి: ఇక్కడ ఏది రాస్తాం, ఏది రాయం, ఎప్పుడు బయటికి చెప్పక తప్పదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద చెప్పి తీరాలి. ఆ పిల్ల నమ్మి చెప్పేశాక కాదు, ముందే ఆ సంగతి తెలియాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి. పేరున్న కాగితం, కథ ఉన్న కాగితం వేరువేరుగా, తాళంలో ఉండాలి. భర్త అడిగినా, అత్త అడిగినా, సర్పంచ్ అడిగినా, ఎస్సై నోటిమాటగా అడిగినా 'ఇవ్వం' అనాలి. కోర్టు తెప్పించుకుంటే ముందు ఆమెకు కబురు చేసి, ఆమె ప్లీడరు ద్వారా అభ్యంతరం చెప్పించాలి. నిధులిచ్చేవాళ్ళకు అంకెలు ఇద్దాం, ఆడవాళ్ళ జీవితాలు ఇవ్వొద్దు. ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. కౌన్సెలర్‌కు చెప్పుకున్న మాటకు ప్లీడరుకు చెప్పుకున్న మాటతో సమానమైన రక్షణ సాక్ష్య చట్టంలో ఇవ్వాలి. ఈ డిమాండు మన సభల తీర్మానాల్లోకి ఎక్కాలి.

ఆ నాలుగు జిరాక్సు కాగితాల ఆమె కేసు ఇంకా నడుస్తోంది. నిద్ర ఇప్పటికీ పట్టడం లేదు. విశాఖపట్నంలో నాకు తెలిసిన మంచి డాక్టరమ్మ ఉంది, పొద్దుటి రైలుకు వెళ్ళి సాయంత్రానికి వచ్చేయవచ్చు, నేనూ తోడొస్తాను అన్నాను.

"ఎల్లి ఏటి సెప్పమంటావమ్మా? మల్లీ రాస్తారు" అంది.

ఆమె చేత మళ్ళీ నోరు విప్పించడం మన బాధ్యత. దానికి ముందు, ఆ నోటిని మూయించిందెవరో ఒప్పుకుందాం.