వంటింటిలో త్రాసు

మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో పెక్కిండ్ల యందు వడ్డనకు గరిటెయే కొలత. "రెండు గరిటెలు చాలును" అనుటయే గాని, ఆ రెండు గరిటెలలో నెంత యాహారము గలదో మన మెరుగము. ఈ యెరుగకపోవుట మేలు గాదనియు, ప్రతి వంటయింటను ఒక చిన్న త్రాసు ఉండదగుననియు మా యభిప్రాయము.

మన పెద్దలు కొలత నెరుగనివారు కారు. సోల, తవ్వ, మానిక వారి యిండ్ల నుండెను. కాని యవి పదార్థ మాక్రమించు చోటును కొలుచునవే గాని బరువును గాదు. సోలెడు జొన్నలును, సోలెడు జొన్నపిండియు సమముగా తూగవు. జొన్నగట్కనే చూడుడు. చిక్కగా వండిన యింట గిన్నెడు గట్క ఒక పూట భోజనము. నీరు హెచ్చుగా పోసిన యింట అదే గిన్నెడు సగము భోజనము మాత్రమే. కడుపు రెండుచోట్లను నిండినట్లే తోచును. బలము మాత్రము సమానము గాదు.

ఆహార మొసగు శక్తిని క్యాలరీలతో లెక్కింతురు. పిండిపదార్థమునకును, మాంసకృత్తులకును గ్రాముకు సుమారు 4 క్యాలరీలు, క్రొవ్వునకు 9. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ వారు 2017లో ప్రకటించిన పట్టికలలో మన ధాన్యముల వివరము లున్నవి. బియ్యమైనను, జొన్నలైనను 100 గ్రాములకు రమారమి 350 క్యాలరీలే. కాబట్టి మధుమేహము గలవారు జొన్నరొట్టె యెంత తిన్నను దోషము లేదనుట పొరపాటు. జొన్నలో పీచు హెచ్చు, అది మంచిదే. శక్తి మాత్రము తక్కువ గాదు.

అయితే యీ లెక్క పచ్చి ధాన్యమునకే గాని వండిన యన్నమునకు గాదు. 200 గ్రాముల బియ్యము, అనగా 700 క్యాలరీలు, గంజి వార్చకుండ వండగా 600 గ్రాముల యన్నమైన దనుకొందము. నీటికి క్యాలరీలు లేవు గనుక మొత్తము 700 లే. 150 గ్రాముల యన్నము తిన్నవానికి చేరినవి 175. బియ్యపు లెక్కనే యన్నమునకు వేసిన 525 అని మూడింతలుగా తేలును! పప్పునకు, కూరకు, సర్వపిండికి పద్ధతి యిదియే. మొదట ఖాళీపాత్రను తూచవలెను. పిమ్మట ఒక్కొక్క దినుసును పచ్చిగా తూచి క్యాలరీలు కూడవలెను. వండినపిదప పాత్రతో తూచి, పాత్ర బరువు తీసివేసి, మిగిలిన తూకముతో భాగింపవలెను. నూనెను మరువరాదు. చేతివాటముగా పోసిన 20 గ్రాముల నూనె 180 క్యాలరీలు. అది 50 గ్రాముల బియ్యపుపిండితో సమానము.

అన్నము తూచుట లోభమనియు, దిష్టి తగులుననియు కొంద రందురు. మేము తూచుమనునది వంటను గాని, తినువాని నోటిని గాదు. ఎదుగు పిల్లలు క్యాలరీలు లెక్కించి తిండి తగ్గించుకొనుట కూడనిపని. జీవితాంతము తూచనక్కరయు లేదు. కొన్ని వారములు తూచిన కన్నే త్రాసగును.

కంటికి కనబడనిది కొలత వలన తెలియునని నల్లగొండవారికి వేరుగా చెప్పవలెనా? తేటగా నున్న బావినీటిలో ఫ్లోరైడు దాగి యెముకలను వంచెను. నీటిని పరీక్షించి, తగిన కొలతతో పటికను, సున్నమును కలుపు విధానము 1970 దశకమున ఈ యూరి పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. నీటికి తగిన కొలత అన్నమునకేల తగదు?

ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్నభోజనమునకు సయితము కొలత యున్నది. 6 మొదలు 8వ తరగతి వరకు చదువు బాలునకు దినమునకు 150 గ్రాముల ధాన్యము, 30 గ్రాముల పప్పు, 700 క్యాలరీలు ఏర్పరచినారు. కొట్టులో తూచిన ధాన్యము కంచములోనికి సరిగా వచ్చినదో లేదో తెలిసికొనుటకు మరల త్రాసే గతి.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. పెక్కిండ్లలో తల్లి కడపట భుజించును. అందరికి వడ్డించి, అడుగున మిగిలినదానితో నీళ్లమజ్జిగ కలుపుకొని "నాకు చాలును" అనును. ఆ మాటను మన మందరము నమ్ముచున్నాము. ఒక్కవారము ఆమె కంచమును తూచి చూడుడు. పొలములో దినమెల్ల వంగి కలుపుతీసిన యామెకు ఏమి దక్కినదో అంకెలే చెప్పును.

విద్యార్థులారా! గణితమున మీరు నేర్చిన కూడికలు, భాగహారములు ఈ పనికి చాలును. ఈ సెలవులలో ఇంటి వంటకము నొకదానిని తూచి, లెక్క వ్రాసి, తలిదండ్రులకు చూపుడు. లోపమెవరి కంచమున నున్నదో తెలిసిన పిమ్మట దానిని పూరించుట యింటివారందరి విధి.